సాలూరు కొండెక్కిన బోటు

మొన్న మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు మా ఇంటికొచ్చారు. పక్క దేశాలతో కలిసి సముద్రాన్ని కాపాడే పథకంలో వాళ్ళకి పోస్టింగు వచ్చిందట. మొహాలు వెలిగిపోతున్నాయి. "మీరు చాలాకాలం అందులో చేశారు కదా సార్, మాకేమైనా చెప్పండి" అన్నారు. కాఫీలిచ్చి, మంచిదయ్యా, బాగా పనిచెయ్యండి అని పంపేశాను. వాళ్ళ బళ్ళు వీధి మలుపు తిరిగాక నామీద నాకే చిరాకేసింది. చెప్పాల్సిన ముక్క ఒక్కటీ చెప్పలేదు.

అందుకని ఇది రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషను ఎప్పుడొచ్చిందో ఇందులో ఉండదు. ఏ జీవో ఏం చెబుతుందో కూడా ఉండదు, అవి మీకు ట్రైనింగులో విసుగొచ్చేదాకా చెబుతారు. ఒక ఊరి గురించి, ఒక బోటు గురించి, ఒక ముసలాయన గురించి రాస్తాను. నా ఉద్యోగమంతా కలిపి చూస్తే నాకు మిగిలింది ఆ మూడే. చదివాక కోపమొస్తే రానివ్వండి. నాకూ ఇంకా తగ్గలేదు.

వరిచేలోంచి సముద్రానికి

మాది కోటబొమ్మాళి పక్కన పల్లెటూరు. వరి తప్ప ఇంకోటి తెలియని ఇల్లు. చేపంటే సంతలో బుట్టలో కనిపించేదే. చేపల శాఖలో ఉద్యోగం వచ్చిందని కాగితం చూపిస్తే మా నాన్న దాన్ని అటూఇటూ తిప్పి, "ఒరే, సేపలకి కూడా ఆఫీసుంటాదేట్రా? అవేటి పన్ను కడతాయా?" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మొదట నన్ను వేసింది నౌపడకి అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న గుల్లలపేట చుట్టుపక్కల ఊళ్ళకి. నౌపడ స్టేషనులో దిగి, ఉప్పుమడుల మధ్య నుంచి సైకిలు మీద పోయేవాణ్ణి. గుల్లలపేటలో గురువులు అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. ఆ ఊరి బోట్లన్నిటికీ అతని మాటే మాట. నేను వెళ్ళిన వారానికే, "బాబూ, మా గురించి రాసుకోడానికొచ్చినావు, మరి మా పని సూడవేటి?" అని నన్ను బోటెక్కించాడు. అలలు దాటకముందే నేను పొద్దున తిన్నదంతా కక్కేశాను. బోటులో వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. గురువులు మాత్రం నా చేతిలో ఇంత చింతపండు పెట్టి బుగ్గన పెట్టుకోమన్నాడు.

ఆ రోజు ఒక సంగతి జరిగింది. బాగా లోపలికి పోయాక, "బాబూ, ఇటు తిరిగి కూకో" అని నన్ను ఒడ్డుకి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. ఎండకోసమేమో అనుకున్నాను. కాసేపటికి ఇంజను ఆపి వల దింపారు. పని అయ్యాక, తిరిగి బయల్దేరిన చాలాసేపటికి గానీ నన్ను ఒడ్డువైపు తిరగనివ్వలేదు.

తరవాత తెలిసింది. అక్కడ సముద్రం అడుగున రాళ్ళ గుంపులున్నాయి. చేపలు చేరేదీ, గుడ్లు పెట్టేదీ అక్కడే. పైకి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించదు. ఒడ్డున గుర్తులు చూసుకుని ఆ చోటు పట్టుకుంటారు. మహేంద్రగిరి భుజం ఫలానా తాటితోపు నెత్తిమీదికి రావాలి, అదే సమయానికి నౌపడ వైపు నీళ్ళ ట్యాంకు ఫలానా ఇసుకదిబ్బని ఆనుకోవాలి. రెండూ కలిసిన చోట ఇంజను ఆపాలి. ఈ గుర్తులు ఊరు దాటి బయటికి పోకూడదు. వేరే ఊరి అల్లుడు బోటెక్కినా సరే, రాళ్ళు దగ్గరపడేసరికి వీపు తిప్పి కూర్చోబెడతారు. అది అవమానమని ఎవరూ అనుకోరు, అది ఆ ఊరి కట్టుబాటు.

నన్ను ఒడ్డువైపు తిరిగి కూర్చోమనడానికి గురువులుకి ఏళ్ళు పట్టింది. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పుకుని మురిసిపోయాను. ఆ తరవాత వచ్చిన ప్రమోషనుకి కూడా అంత మురవలేదు.

చందువ చేపల మీటింగు

కొన్నేళ్ళకి పథకం వచ్చింది. పేరు రాయను. బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలు కొన్ని కలిసి పెట్టుకున్నవి ఇలాంటివి చాలా ఉన్నాయి, మీరు ఏదైనా అనుకోండి. సముద్రం అందరిదీ, చేప ఏ దేశానిదీ కాదు, గుడ్డు ఒక దేశం నీళ్ళలో పెట్టి ఇంకో దేశం నీళ్ళలో పెరుగుతుంది, కాబట్టి అందరం కలిసి కాపాడుకోవాలి. ఇదీ దాని మూలసూత్రం. ఇందులో ఒక్క అక్షరం తప్పులేదు. ఇప్పటికీ అదే అంటాను. కలిసి కాపాడకపోతే ఎవడికీ చేప మిగలదు. నా కోపం ఆ సూత్రం మీద కాదు, ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

మొదటి మీటింగు ఒక పెద్ద హోటల్లో, సముద్రం కనిపించే హాల్లో పెట్టారు. అది వేట నిషేధ కాలం. ఏటా వేసవిలో, చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో, మోటారు బోట్లు సముద్రంలోకి పోకూడదు. పోకుండా చూడటం నా ఉద్యోగం. మధ్యాహ్నం భోజనాల్లో పళ్ళెం నిండా ఉండే చందువ చేపలు వడ్డించారు. పొద్దుట్నుంచీ నిషేధం ఎంత అవసరమో మాట్లాడినవాళ్ళే రెండోసారి వడ్డించుకున్నారు. అవి ఎక్కడివని ఎవరూ అడగలేదు. పక్కనున్న నేనూ అడగలేదు గానీ, తినబుద్ధి కాక పెరుగన్నం తిన్నాను. నాలాగే పెరుగన్నం తింటున్నవాడు ఇంకొకడు కనిపించాడు. రఫీక్ అని, పొరుగు దేశం చేపల శాఖలో నాలాంటి ఉద్యోగే. ఇద్దరం ఒకరి పళ్ళెం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఆ పథకం మొత్తంలో రెండు దేశాల మధ్య జరిగిన అసలైన సహకారం ఆ నవ్వుతోనే మొదలైంది.

పథకం డైరెక్టరు మన రాష్ట్రం వాడు కాదు. బాగా చదువుకున్నవాడు, మర్యాదస్తుడు. గొంతెత్తి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఇలాంటివాళ్ళతో జాగ్రత్త. అరిచే బాసు సాయంత్రానికి మర్చిపోతాడు. ఈ మెత్తటివాళ్ళు మనల్ని ఎక్కడ వదిలేశారో చాలా దూరం పోయాక గానీ తెలియదు.

ఆయన ఆలోచన ఇది. చేపలు గుడ్లు పెట్టే రాళ్ళు ఎక్కడెక్కడున్నాయో గుర్తించాలి. మ్యాపు తయారుచేయాలి. అన్ని దేశాలూ ఒప్పుకుని, ఆ చోట్ల ట్రాలర్లని, అంటే అడుగంటా గీకే పెద్ద వలల బోట్లని, నిషేధించాలి. మంచి ఆలోచన. రాళ్ళు చూపించాల్సింది గురువులు లాంటివాళ్ళు. వాళ్ళని అడగాల్సింది నేను.

నేను ఒంటరిగా వెళ్ళి అడగనన్నాను. డైరెక్టరుగారే గుల్లలపేట వచ్చారు. ఊరి పెద్దలు అమ్మవారి గుడి ముందు చాపలు పరిచి కూర్చున్నారు. గురువులు అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"మా రాళ్ళు మీకు సూపిస్తాం బాబూ. మరి ఆ కాయితం పెద్ద బోట్లోళ్ళ సేతికి పోతే?"

"నిషేధం వచ్చేదాకా ఆ మ్యాపు మా ఆఫీసు దాటదు. నా మాట" అన్నారు డైరెక్టరుగారు. గురువులు భుజం మీద చెయ్యి కూడా వేశారు. ఎవరో ఫొటో తీశారు.

గురువులు నావైపు చూశాడు. నేను తలూపాను.

మ్యాపు

రాళ్ళు చూపించారు. నెలల తరబడి తిరిగాం. గురువులు కొడుకు ఎర్రయ్య బోటు నడిపేవాడు, గురువులు గుర్తులు చూసి ఆపమనేవాడు, మావాళ్ళు యంత్రంలో ఆ చోటు ఎక్కించుకునేవారు. కోనాం, పార చేపలు ఎక్కడ ఏ కాలంలో ఉంటాయో కూడా చెప్పాడు. అంత సంతోషంగా పనిచేసిన రోజులు నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ లేవు.

నిషేధం మాత్రం రాలేదు. దేశాల ప్రతినిధులు కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ప్రతిపాదన పరిశీలనలో ఉందన్నారు. ఈలోగా పథకం వార్షిక సమావేశం వచ్చింది. అక్కడ ఏదో ఒకటి చూపించాలి. చూపించడానికి ఉన్నది మ్యాపు ఒక్కటే. దాన్ని ఎవరైనా చూసుకోగలిగేలా పథకం వెబ్‌సైటులో పెట్టేశారు.

నాకు తెలిసేసరికి అయిపోయింది. పరుగెత్తుకుంటూ వెళ్ళి అడిగాను. "సార్, మీరు మాటిచ్చారు."

ఆయన కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించారు. "అన్ని దేశాల డబ్బుతో చేసిన పని కదండీ, అందరికీ అందుబాటులో ఉండాలి. అది నిబంధన. అయినా సైన్సులో రహస్యాలు ఉండకూడదు."

సైన్సులో ఉండకూడదేమో. గుల్లలపేటలో ఉండాలి. ఆ రాళ్ళని ఇన్నాళ్ళూ కాపాడింది ఏ చట్టమూ కాదు. అవి ఎక్కడున్నాయో తెలియకపోవడం వల్ల, వలలు చిరుగుతాయన్న భయంతో ట్రాలర్లు ఆ చాయలకి వచ్చేవి కావు. మ్యాపు చేతికొచ్చాక వాళ్ళకి భయం పోయింది. రాళ్ళ అంచులు వదలకుండా వలలు గీసుకుంటూ పోయారు. రెండు మూడు వేటకాలాలు గడిచేసరికి గురువులు బోటు ఖాళీ వలతో తిరిగి రావడం మామూలైపోయింది. సముద్రాన్ని నాశనం చేయాలనుకున్నవాడు ఎవడైనా ఇంతకంటే తేలిక దారి కనిపెట్టగలడా?

ఇది నా తప్పని నన్ను ఒప్పుకోమనేవాళ్ళున్నారు. తలూపింది నేనే కదా అంటారు. ఒప్పుకోను. మాటిచ్చినవాడు వేరే ఉన్నాడు, తప్పినవాడూ అతనే. అతని తప్పుని నేను నెత్తినేసుకుంటే అతనికి ఇంకా హాయి. ఉద్యోగంలో పైవాడి పాపం కిందివాడు పశ్చాత్తాపపడి తీర్చే అలవాటు ఒకటుంది, దాన్ని మీరు నేర్చుకోకండి. నిందలు పడాల్సినవాడి మీదే పడనివ్వండి.

గురువులు నన్ను ఒక్క మాటా అనలేదు. మళ్ళీ బోటెక్కినప్పుడు మాత్రం, "బాబూ, ఇటు తిరిగి కూకో" అని నన్ను ఒడ్డుకి వీపు పెట్టించాడు. ఇంకా మ్యాపులోకి ఎక్కని రాళ్ళు ఒకటో రెండో మిగిలాయని అప్పుడు అర్థమైంది.

క్రమశిక్షణ గల ఊరు

తరవాత డబ్బాలు వచ్చాయి. అరచేతి మందాన తెల్లటి పెట్టె, పైన సూర్యరశ్మితో ఛార్జయ్యే పలక. బోటుకి బిగిస్తే అది ఎక్కడుందో ఎప్పటికప్పుడు పథకం ఆఫీసులో తెర మీద చుక్కగా కనిపిస్తుంది. బోటు వేరే దేశం నీళ్ళలోకి పోతుంటే తెలుస్తుంది, ఇంజను ఆగిపోయి ఆపదలో ఉంటే మీట నొక్కి పిలవచ్చు. ఆ చుక్కలు అన్ని దేశాల అధికారులూ చూస్తారు. మంచి వస్తువే. తుపాన్లలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊళ్ళకి దేవుడిచ్చినట్టు ఉండాలి.

కానీ గుల్లలపేట వాళ్ళు ఆ డబ్బాలో ఒకటే చూశారు. వాళ్ళ బోటు ఎక్కడ ఆగుతుందో అది అందరికీ చెప్పేస్తుంది. ఒకసారి మ్యాపుతో దెబ్బతిన్నారు. మిగిలిన ఆ ఒకటి రెండు రాళ్ళూ తమ చేత్తోనే ఇచ్చుకుంటారా? వద్దంటే డీజిలు రాయితీ ఆగిపోతుంది. కాబట్టి తీసుకున్నారు. తీసుకుని, ఊరి వలల పాక కప్పు మీద, ఎండ బాగా తగిలే చోట, డబ్బాలన్నీ వరసగా కట్టేశారు. బోట్లు సముద్రంలోకి పోయేవి, డబ్బాలు పాక మీద ఎండలో కూర్చునేవి.

నేను వెళ్ళినప్పుడు చూశాను. పాక కింద గురువులు వల బాగుచేసుకుంటున్నాడు. నేను పైకి చూడటం చూసి, "సూసినావు కదా. ఇక ఎలిపో బాబూ" అన్నాడు. నేను డైరెక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. "సిగ్నల్స్ వస్తున్నాయి కదండీ" అన్నారాయన. అంతే.

ఏడాది తిరిగేసరికి గుల్లలపేటకి అవార్డు వచ్చింది. ఒక్క బోటూ సరిహద్దు దాటలేదట, నిషేధ కాలంలో ఒక్కటీ కదల్లేదట, అన్ని దేశాల ఊళ్ళలోకెల్లా క్రమశిక్షణ గలది ఇదేనట. నిజమే, డబ్బాలు కదిలితే కదా. విదేశంలో జరిగిన సమావేశంలో ఆ చుక్కల బొమ్మ తెర మీద వేసి చూపించారు. అద్దాల ఫ్రేములో ప్రశంసాపత్రం ఒకటి తెచ్చి ఊరి సామాజిక భవనంలో తగిలించారు. ఎర్రయ్య భార్య నూకమ్మ దాన్ని చూసి, "ఇదేటి బాబూ, మా పాకకి సన్మానమా?" అంది. ఊరంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

బోటు ఇంట్లోనే ఉంది

ఒక వేసవి మొదట్లో, నిషేధం ఇంకా మొదలవ్వకముందు, గురువులు, ఎర్రయ్య, ఇంకో నలుగురు వేటకి పోయారు. దగ్గర రాళ్ళలో చేప లేదు, ఇంకా లోపలికి పోయారు. ఇంజను ఆగిపోయింది. ఆ కాలంలో గాలీ, నీళ్ళూ ఈశాన్యానికి లాగుతాయి. లాక్కుపోయాయి.

రావాల్సిన రోజుకి రాలేదని ఊరివాళ్ళు గోల పెట్టారు. వెతికేవాళ్ళు ముందు చూసింది తెర. తెర మీద ఆ బోటు చుక్క గుల్లలపేట ఒడ్డునే వెలుగుతోంది. బోటు ఊళ్ళోనే ఉందిగా అన్నారు. లేదు, పోయిందని నేను మొత్తుకున్నాను, ఊరివాళ్ళు మొత్తుకున్నారు. వెతకడం మొదలయ్యేసరికి వాళ్ళు మన నీళ్ళలోనే లేరు.

రఫీక్ ఫోను చేశాడు. వాళ్ళ దేశం గస్తీ ఓడ మనవాళ్ళని పట్టుకుందట. ఆరుగురూ బతికే ఉన్నారు, ముసలాయనకి నీరసంగా ఉంది, అందరూ జైల్లో ఉన్నారు. "ఇంజను పాడై కొట్టుకొచ్చారని చెబుతున్నారు. నేను నమ్ముతున్నాను. కానీ మా వాళ్ళకి కాగితం కావాలి. ఈ బోటు ఫలానా రోజు మీ ఒడ్డు నుంచి వేటకి బయల్దేరిందని మన పథకం ఒక్క ముక్క రాసిస్తే చాలు" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క ముక్కే కదా!

పథకం రాసింది. రికార్డుల ప్రకారం సదరు బోటు ఆ కాలమంతా గుల్లలపేట తీరంలోనే ఉంది, ఒకసారి కూడా బయల్దేరలేదు అని రాసింది. అంటే జైల్లో ఉన్నవాళ్ళు ఎవరో, వాళ్ళ బోటు ఏదో మాకు తెలియదని చెప్పినట్టే. నేను వెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డాను. డబ్బాలు పాక మీద ఉన్నాయని రాయండి సార్ అన్నాను. ఆయన చాలా సౌమ్యంగా, "అలా రాస్తే మన డేటా అంతా అనుమానంలో పడుతుంది. అవార్డు సంగతేమిటి? సభ్య దేశాలు ఏమనుకుంటాయి?" అన్నారు. ఇక్కడ ఆరుగురు మనుషులున్నారు సార్ అన్నాను. పరిశీలిద్దాం అన్నారు.

వారాలు నెలలయ్యాయి. ఊరివాళ్ళ దరఖాస్తు పథకానికే తిరిగొచ్చేది, పథకం అదే సమాధానం ఇచ్చేది. డైరెక్టరుగారు శ్రీకాకుళం వచ్చారని తెలిసి నూకమ్మని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆవిడ మెట్ల మీద పొద్దుటి నుంచీ కూర్చుంది. ఆయన బయటికి రాగానే లేచి ఎదురెళ్ళింది.

"బాబూ, మా మావ, మా ఆయన ఆ దేశంలో జైల్లో ఉన్నారు. మా బోటు ఎల్లిందని ఒక్క మాట రాయండి."

"సిస్టమ్ ప్రకారం మీ బోటు ఊళ్ళోనే ఉందమ్మా" అన్నారాయన.

"ఊళ్ళో ఉన్నాదా? ఏదీ, సూపించండి! నాను రోజూ ఆ ఒడ్డునే తిరగతన్నాను, నాకు కనబడదేటి?"

"నేను చెప్పేది రికార్డు సంగతి."

ఆవిడ మొహం ఎర్రబడింది. "అంటే డబ్బా ఎక్కడుంటే బోటు అక్కడున్నట్టేనా? అయితే సూడండి. మా తమ్ముడు సింహాచలం సాలూర్లో లారీ నడపతన్నాడు. రేపు నౌపడకి ఉప్పు లోడుకొస్తాడు. ఆ డబ్బా ఆడి లారీ మీద కడతాను. కొండెక్కుతాది మీ బోటు! అప్పుడేటంతారో సూస్తాను."

ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. ఆవిడ కోపంతో అన్న మాటే అది. నేను మాత్రం తిరిగొచ్చే బస్సులో ఇంకేమీ ఆలోచించలేదు. గుల్లలపేట రోడ్డు మీద దిగగానే, "నూకమ్మా, మీ తమ్ముడు రేపు ఎన్నింటికొస్తాడు?" అని అడిగాను.

సాలూరు ఘాటు

నౌపడ ఉప్పుకొఠార్ల దగ్గర బస్తాలు ఎక్కించి, టార్పాలిన్ కప్పి, దాని పైన డబ్బాని తాడుతో బిగించాం. కట్టింది నూకమ్మే. సింహాచలం చుట్టూ తిరిగి చూసి, "అక్కా, ఇది పేలదు కదా?" అని అడిగాడు. "పేల్తే మంచిదేరా" అంది.

లారీ బయల్దేరింది. పథకం తెర మీద మా చుక్క ఒడ్డు వదిలింది. సముద్రంలోకి పోలేదు. ఉప్పుమడులు దాటింది, టెక్కలి దాటింది, జాతీయ రహదారి ఎక్కింది. చిలకపాలెం దగ్గర మలుపు తిరిగి, రాజాం, రామభద్రపురం మీదుగా సాలూరు చేరింది. మర్నాడు సాలూరు ఘాటు రోడ్డు ఎక్కడం మొదలుపెట్టింది. క్రమశిక్షణ గల బోటు ఒక్కసారిగా దారితప్పేసరికి తెర ఊరుకోలేదు. అన్ని సభ్య దేశాలకీ హెచ్చరికలు వాటంతటవే వెళ్ళిపోయాయి.

మొదట రఫీక్ ఫోను. నవ్వుతో మాట రావడం లేదు. "అన్నా, మీ ఫిషింగ్ బోటు కొండెక్కుతోంది!"

తరవాత డైరెక్టరుగారు. ఆయన గొంతు పెరగడం మొదటిసారి విన్నాను. "ఏం జరుగుతోందక్కడ? ఆ బోటు ఎక్కడుంది?"

"సిస్టమ్ ప్రకారం ఘాటు మీద సుంకి దగ్గర ఆగింది సార్. డ్రైవరు టీ తాగుతున్నాడనుకుంటాను."

నా ఉద్యోగ జీవితంలో ఇంత హాయిగా మాట్లాడిన మాట ఇంకోటి లేదు. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు, అది వేరే సంగతి.

నవ్వులపాలైతే గానీ కదలని ఫైలు అప్పుడు కదిలింది. ఆ వారంలోనే కాగితం వచ్చింది. డబ్బా బోటు మీద లేదని, బోటు వేటకి వెళ్ళిందని రాశారు. ఎవరూ అడగకుండానే రఫీక్ దాన్ని చేతిలో పట్టుకుని వాళ్ళ ఆఫీసులన్నీ తిరిగాడు. అయిదుగురు ఇంటికొచ్చారు.

గురువులు రాలేదు. కాగితం ముందే వచ్చి ఉంటే వచ్చేవాడు. జైల్లో జ్వరం తగిలింది, ఆ నెలల్లోనే పోయాడు. పుట్టినప్పటి నుంచీ సముద్రం మీద బతికినవాణ్ణి ఎక్కడో తెలియని ఊళ్ళో మట్టిలో పెట్టారు. ఎర్రయ్య వచ్చాక చెప్పాడు. చివరిదాకా ముసలాయన ధైర్యంగానే ఉన్నాడట. "భయపడకండిరా. డబ్బాలు పాక మీదున్నాయని మన బాబు సూసినాడు. ఆయన ఆళ్ళకి సెప్తాడు" అని రోజూ మిగతావాళ్ళకి చెప్పేవాడట.

నేను చెప్పాను గురువులూ. విన్నవాడు లేడు.

ఆ తరవాత జరిగినవి కూడా రాస్తాను, మీకు పనికొస్తాయి. నాకు మెమో వచ్చింది: పథకం ఆస్తిని అనుమతి లేకుండా లారీలో తరలించినందుకు సంజాయిషీ ఇవ్వాలి. డబ్బాలు విప్పడానికి వీల్లేకుండా బోట్లకే సీలు వేసి బిగించారు. పోయినవాడికి పరిహారం అడిగితే, డబ్బా బోటులో పెట్టకపోవడం ఊరివాళ్ళ నేరమన్నారు. వాళ్ళు ఎందుకు పెట్టలేదని అడిగిన మీటింగు ఒక్కటీ నేను చూడలేదు. ప్రశంసాపత్రాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. డైరెక్టరుగారు ఇంకా పెద్ద పథకానికి వెళ్ళారు.

మీరు కూడా మీటింగులకి వెళతారు. వెళ్ళండి. అక్కడ పెరుగన్నం తినేవాడెవడో చూసి, వాడి ఫోను నంబరు తీసుకోండి. మీరు నిలబెట్టలేని మాట మీ ఎదురుగా పైవాడు ఇస్తుంటే తలూపకండి, అక్కడే అందరి ముందూ ఆపండి. మీ ప్రమోషను పోతుంది. పోనివ్వండి. తెర మీద చుక్క చూసి ఊరు చూశామనుకునే రోజు మీకు రాకూడదని కోరుకుంటున్నాను.

రిటైరయ్యాక ఒకసారి గుల్లలపేట వెళ్ళాను. ఎర్రయ్య మళ్ళీ వేటకి పోతున్నాడు, వేరేవాళ్ళ బోటులో; వాళ్ళ బోటు ఆ దేశంలోనే ఉండిపోయింది. నన్నూ ఎక్కించుకున్నాడు. నూకమ్మ చింతపండు పొట్లం కట్టి ఇచ్చింది. అలలు దాటి కొంత దూరం పోయాక, అలవాటు కొద్దీ నేను లేచి ఒడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాను. ఎర్రయ్య నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు అతని తండ్రిదే.

"ఎటు తిరిగి కూకున్నా ఒకటే బాబూ. సూడండి, డబ్బా కూడా బోట్లోనే ఉన్నాది. ఇంక దాయడానికి ఏటుంది?"

నేను ఒడ్డువైపు తిరిగాను. మహేంద్రగిరి భుజం మెల్లగా తాటితోపు నెత్తిమీదికి వచ్చింది. అటుపక్క నీళ్ళ ట్యాంకు జరిగి జరిగి ఇసుకదిబ్బని ఆనుకుంది. నేను ఎర్రయ్య చేతివైపు చూశాను. అతను ఇంజను ఆపలేదు.